ఎదురు వరస మొహాలు

జూన్ 18

టీచరమ్మకి మీ మామయ్య రాసే సంగతులు.

నీ ఉత్తరం అందింది. చదివిపెడతానని మీ అత్త చెయ్యి చాపింది. ఇవ్వలేదు. నాకు చదవడం వచ్చు. నెమ్మదిగా వచ్చు, అంతే. భోజనాలయ్యాక మొదలెడితే దీపాలు వేసేవేళకి నీ సంతకం దగ్గరికి చేరాను.

ఫోన్ చెయ్యనివ్వమని గొడవ పెట్టకు. మిల్లు గేటు దగ్గర, సైరన్ కింద బతుకంతా నిలబడినవాడి చెవులివి. ఫోన్లో ఈగ రొద తప్ప ఏమీ వినపడదు. నువ్వక్కడ అరుస్తావు, నేనిక్కడ అరుస్తాను, మధ్యలో మీ అత్త ఇద్దర్నీ తిడుతుంది. కాగితమే మేలు.

బొమ్మల టీచరు ఉద్యోగం వచ్చిందన్నావు. సంతోషం. లెక్కల టీచరైతే ఇంకాస్త సంతోషించేవాణ్ణి. జపాన్ బొమ్మలు, చైనా బొమ్మలు చూపించి పిల్లల మధ్య స్నేహం కుదురుస్తానని రాశావు. నువ్వుండే సందులో జనం ఎదురింటివాళ్ళతో మాట్లాడరనీ నువ్వే రాశావు. ఎదురిల్లు తెలియనివాళ్ళకి జపాన్ ఎందుకే? ముందు ఎదురిల్లు చూపించు.

నేను చదువుకోలేదు గానీ కాపలా కాశాను. గేటు దగ్గర మనుషులు చేతుల్తో తర్వాత కొట్టుకుంటారు. ముందు కళ్ళతో కొట్టుకుంటారు. అది చూడటానికే నాకు జీతం ఇచ్చారు.

నీ గది తలుపుకి గడియ లోపల ఉందా? కిటికీ ఎటు వైపుంది? బొమ్మల సంగతి తర్వాత. అవి ముందు రాయి.

మీ మామయ్య

జూలై 3

మామయ్యా,

గడియ లోపలే ఉంది. ఇప్పుడు కాస్త ఊపిరి తీసుకో.

గది మేడమీద, సందు చివర. బయటి నుంచి సిమెంటు మెట్లు. కిటికీలోంచి సందంతా కనిపిస్తుంది. ఎడమవైపు పాత వరస. తాతల కాలం నుంచి ఈ నేతమిల్లులో పనిచేస్తున్నవాళ్ళు. కుడివైపు కొత్త వరస. మిల్లువాళ్ళు కొత్త షెడ్డు కోసం ఎక్కడినుంచో తెచ్చినవాళ్ళు. వాళ్ళ మాట వేరు, పాట వేరు. మా పని లాక్కున్నారని వీళ్ళంటారు, మమ్మల్ని మనుషుల్లా చూడరని వాళ్ళంటారు. సందు ఎంత ఇరుకంటే, ఒక వరసలో తలుపు తీస్తే ఎదురు వరసలో అరుగు మీదివాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి.

తరగతిలోనూ అంతే. మధ్యలో నడవ, ఇటు పాత వరస, అటు కొత్త వరస. హెడ్‌మిస్ట్రెస్ నాతో ముందే చెప్పేశారు. "ఈ ఏడాది కలిపి కూర్చోబెట్టి చూద్దామమ్మా. పెద్ద గొడవ ఒక్కటి జరిగిందా, పొద్దున ఒక వరసకి, మధ్యాహ్నం ఒక వరసకి బడి పెట్టేస్తాను. నాకింక ఓపిక లేదు." అలా జరిగితే ఈ పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండానే పెద్దవాళ్ళయిపోతారు మామయ్యా. నా భయం అదొక్కటే.

జపాన్ ఎందుకన్నావు కదా. ఇటువాళ్ళ బొమ్మ చూపిస్తే అటువాళ్ళు నవ్వుతారు. అటువాళ్ళది చూపిస్తే ఇటువాళ్ళు నవ్వుతారు. ఇద్దరివీ కానిది చూపిస్తే ఇద్దరూ కొత్తవాళ్ళే. నిన్న చైనావాళ్ళ పాత కొండల బొమ్మ ఒకటి బల్లమీద పరిచాను. కొండలు, పొగమంచు, నీళ్ళు. "ఇందులో ఒక మనిషున్నాడు, వెతకండి" అన్నాను. ఆ మనిషి చీమంత ఉంటాడు. అందరూ వచ్చి బల్లమీద పడ్డారు. తలలు టంగుమని కొట్టుకున్నాయి. కొత్త వరసలో ఒక చిన్న పిల్ల ఉంది, అందరూ పిట్ట అంటారు. పాత వరసలో ఒక గడుగ్గాయి ఉంది. ఇద్దరూ ఒకేసారి వేలు పెట్టారు.

"నేను ముందు చూశా!"

"నీ వేలు చెట్టు మీదుందే, మనిషి మీద లేదు!"

అలా పోట్లాడుకుంటూనే ఒక బల్లమీద కూర్చుండిపోయారు. ఇవాళ కూడా అక్కడే కూర్చున్నారు.

అత్తకి చెప్పు.

నీ మేనకోడలు

జూలై 11

ఏమే పిల్లా,

చీమంత మనిషి కోసం ఇంత రాద్ధాంతమా? ఆ గీసినవాడికి కాగితం చాలలేదా? మీ అత్త మాత్రం నీ ఉత్తరం పక్కింటావిడకి రెండుసార్లు చదివి వినిపించింది. పిట్ట, గడుగ్గాయి ఇప్పుడు ఈ ఇంట్లో మనుషులైపోయారు. "పిట్టకి ఒంట్లో బాగుందా?" అని నన్నడుగుతుంది. నాకేం తెలుసు?

ఒక బల్లమీద ఇద్దరు కూర్చున్నంత మాత్రాన సందు మారదు. పిల్లలు సాయంత్రం ఇంటికి పోతారు. ఇళ్ళలో ఏం మాట్లాడుకుంటున్నారో నీ కిటికీలోంచి కనపడదు. సంబరపడు, వద్దనను. కానీ ఒక కన్ను తెరిచి సంబరపడు.

ఇక్కడ వాన లేదు. మోకాలు మాత్రం వానొస్తుందంటోంది.

మీ మామయ్య

ఆగస్టు 9

మామయ్యా,

నీ మోకాలు నిజం చెప్పింది. ఇక్కడ వాన విడవడం లేదు. తడి వల్లో ఏమో, సందులో అందరికీ చిరాకుగా ఉంది.

పోయిన నెల జపాన్ ఇళ్ళ పైకప్పుల బొమ్మలు చూపించాను. అక్కడ కప్పు కొసన పెట్టే పెంకు మీద దయ్యం మొహం చెక్కుతారు. గుడ్లురుముతూ, కోరలతో. భయపెట్టడానికి కాదు, ఇంటి మీదికి వచ్చే చెడుని తరమడానికి. పిల్లలకి భలే నచ్చింది. అందరం బంకమట్టితో తలా ఒక మొహం చేశాం. ఇటుక బట్టీవాళ్ళు కాల్చిచ్చారు. పిట్ట చేసినదాన్ని చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. అంత చిన్న చేతులు అంత కోపాన్ని ఎక్కడినుంచి తెచ్చాయో.

కొత్త వరసవాళ్ళు మురిసిపోయారు. ఈ ఊళ్ళో తమని కాసేది ఒకటి దొరికిందనుకున్నారేమో, తండ్రులు నిచ్చెనలు వేసి మరీ తలుపుల మీద సిమెంటుతో అతికించారు. పాత వరసలో తల్లులు మాత్రం "దయ్యాన్ని కొంపలోకి తెస్తావా?" అని పిల్లల వీపులు మోగించారు. ఆ పిల్లలు చేసిన మొహాలు బడి కిటికీలో బోర్లా పడున్నాయి.

అందుకని ఇప్పుడు మొహాలన్నీ ఒక వరసలోనే ఉన్నాయి. అవన్నీ ఎదురు వరసనే చూస్తున్నాయి.

పాత వరసలో ఒక ముసలావిడ గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకో ఇంట్లో పసిపిల్లకి జ్వరం దిగడం లేదు. వాన, పాచి, దోమలు. కానీ జనం వాన పేరు చెప్పడం లేదు. నిన్న గడుగ్గాయి లేచి నిలబడి అడిగింది.

"టీచర్, ఆ మొహం చెడుని తరుముతుంది కదా? తరిమితే అది ఎటు పోతుంది?"

తరగతంతా నా వంక తిరిగింది. నేను నవ్వేసి పాఠం మార్చాను. నవ్వాల్సింది కాదు. ఎందుకంటే జపాన్‌లోనూ జనం ఇదే అడిగారని ఒక పాత కథ. ఒక మందుల దుకాణం కప్పు మీద అలాంటి మొహం పెడితే ఎదురింటి ఇల్లాలు మంచాన పడిందట. అప్పుడా ఇంటివాళ్ళు కత్తి పట్టిన గడ్డపాయన బొమ్మని, దయ్యాల్ని చంపేవాడిని, ఎదురుగా నిలబెడితే ఆవిడకి నయమైందట. ఈ కథ పిల్లలకి చెప్పలేదు. చెప్పాలా వద్దా?

నీ మేనకోడలు

ఆగస్టు 17

టీచరమ్మకి,

దీనికి ఆలోచన ఎందుకు? చెప్పు. ఆ గడ్డపాయన్ని పాత వరస పిల్లలచేత చేయించు. వాళ్ళ తలుపుల మీద పెట్టించు. గేటుకి ఒక పక్కనే కాపలా పెడితే రెండో పక్కవాడు తనని దొంగ అన్నారనుకుంటాడు. రెండు పక్కలా పెడితే ఎవడూ ఏమీ అనుకోడు. నాకు నడిచిన మంత్రం ఇదొక్కటే. చూపుకి చూపు పెట్టు, సమానమైపోతుంది.

కథ దాచావనుకో, ఆ గడుగ్గాయి ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో చదువుతుంది. అప్పుడు టీచరు వాళ్ళ పక్షం, మాకు చెప్పలేదు అంటుంది. నా మాట విను.

మీ అత్త మాత్రం "ఆ మొహాలన్నీ పీకి పారెయ్యమను" అంటోంది. ఆవిడ మాట పట్టించుకోకు. ఇంట్లో నామీద కూడా అదే అంటుంది.

మీ మామయ్య

సెప్టెంబరు 14

మామయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

మొదటి వారం నీకు దణ్ణం పెట్టాలనిపించింది. కథ విని పాత వరస పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ తండ్రులు మొదటిసారి బడిలోకి అడుగుపెట్టారు. షిఫ్టు దిగి, ఒంటిమీద దూది నలుసులతోనే వచ్చి, పిల్లల పక్కన కూర్చుని గడ్డాలు దిద్దారు. "మీలాంటి టీచరు ముందే రావాల్సిందమ్మా" అన్నారు. మట్టికత్తి విరిగిపోతోందని ఒకాయన రేకు కత్తిరించి తెచ్చాడు. మర్నాటికి అందరూ రేకు కత్తులే. అంచులకి ఆకురాయి పట్టారు. బొమ్మ కత్తికి పదునెందుకని అడిగితే "ఉండనీండి టీచర్" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఇప్పుడు పాత వరస తలుపులన్నిటి మీదా గడ్డపాయనలు కత్తులు ఎదురింటి వైపు చాచి నిలబడ్డారు.

కొత్త వరస పిల్లలు నా పుస్తకాల్లో ఒకటి చదువుకుంటామని తీసుకెళ్ళారు. నేనే ఇచ్చాను. చైనాలో గుమ్మాల మీద అద్దాలు వేలాడదీస్తారని, ఎదుటి నుంచి వచ్చే చెడు అందులో పడి వెనక్కి పోతుందని అందులో ఉంది. మూడో పూటకల్లా మొహాల కింద అద్దాలు వెలిశాయి. ఎండ కాసినప్పుడు ఆ మెరుపు ఎదురు గోడల మీద, మనుషుల కళ్ళ మీద పాకుతుంది. నిన్న మిల్లునుంచి సైకిలు మీద వస్తున్నాయన కళ్ళు మూసుకుని కాలవలో పడ్డాడు. ఎవరూ లేపలేదు. రెండు వరసలూ అరుగుల మీద నిలబడి చూశాయి.

ఇవాళ పిట్ట నా బల్ల దగ్గరికి వచ్చింది. "టీచర్, నా మొహం కళ్ళు చిన్నవైపోయాయి. ఇంకా పెద్దవి చేసి మళ్ళీ కాల్చొచ్చా?" అంది. వెనక గడుగ్గాయి వింటోంది. ఇద్దరూ ఇంకా ఒకే బల్లమీద ఉన్నారు, కానీ మధ్యలో పుస్తకాల సంచి పెట్టుకున్నారు.

నేర్పినదంతా నేర్చుకున్నారు మామయ్యా. ఒక్క ముక్క వదల్లేదు. నాకు భయంగా ఉంది.

నీ మేనకోడలు

సెప్టెంబరు 22

పిల్లా,

భయపడకు. నీ ఉత్తరం చూశాక అన్నం సయించలేదు. వెంటనే పని కానిచ్చాను.

నా కింద గేటు పని నేర్చుకున్నవాడొకడు ఇప్పుడు మీ మిల్లులో కాపలావాళ్ళకి పెద్ద. మీ అత్త చేత ఫోన్ చేయించి, పక్కన నిలబడి నేను అరిచాను. వాడికి వినపడింది. "మీ మేనకోడలంటే నాకు చెల్లెలే" అన్నాడని మీ అత్త చెప్పింది. రేపటినుంచి లాఠీలవాళ్ళు మీ సందులో ఉంటారు. నువ్వు బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కన్నేసి ఉంచుతారు. నీ వంక ఎవడు చూస్తాడో చూస్తాను.

చూశావా, ముసలోడి మాటకి ఇంకా విలువుంది. నాకు దణ్ణాలేమీ వద్దు.

మీ మామయ్య

అక్టోబరు 20

మామయ్యా,

ఇన్నాళ్ళూ కోపంతో రాయలేదు. నాకు భయంగా ఉందంటే నా గురించా? పిల్లల గురించి, ఆ తరగతి గురించి! ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా.

నీ లాఠీలవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం నీడ కొత్త వరస వైపు పడుతుంది. అందుకని ఆ గోడలకి వీపులు ఆనించి, పాత వరస వైపు తిరిగి నిలబడ్డారు. పాపం, ఎండ తప్పించుకోవడానికే. కానీ పాత వరసకి ఏం కనిపించిందో చెప్పాలా? మిల్లు కొత్త వరస పక్షం చేరిందన్నారు. కళ్ళలో మెరుపు పడుతోందని ఒకాయన నిచ్చెన వేసి అద్దం ఒకటి తీయబోయాడు. లాఠీ పడింది. కుడి మోచెయ్యి విరిగింది. ఆయన గడుగ్గాయి నాన్న. మగ్గం నడిపే చెయ్యి అది.

ఆ మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ బడిని రెండు ముక్కలు చేశారు. పొద్దున కొత్త వరస, మధ్యాహ్నం పాత వరస. అవే బల్లలు, అదే పాఠం. రెండుసార్లు చెప్తున్నాను. లాఠీలవాళ్ళని వెనక్కి పంపించమని మిల్లుకి నేనే వెళ్ళి చెప్పొచ్చాను.

కానీ ఒక మంచి సంగతి. అందుకే ఈ ఉత్తరం. రెండు పూటలా పిల్లల్ని తమ సందు గీయమన్నాను. పొద్దుటివాళ్ళూ మధ్యాహ్నంవాళ్ళూ, ఒకళ్ళవి ఒకళ్ళు చూడకుండానే, సందు చివర మేడ గీశారు. కిటికీలో నన్ను గీశారు, కిందికి చూస్తున్నట్టు. దాదాపు అందరూ. నా కళ్ళు ఎంత పెద్దవి గీశారో! మనసు నిండిపోయింది. ఇన్ని గొడవల్లోనూ ఇద్దరికీ మధ్య నేనున్నాననుకున్నారు.

ఇంకోటి. రెండు వరసల పెద్దలు కలిసి హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళారట. కలిసి, మామయ్యా! ఈ ఆదివారం బడి హాల్లో మీటింగు అడిగారు. నన్ను తప్పకుండా రమ్మన్నారు. దారిలో ఎదురైతే అటువాళ్ళూ ఇటువాళ్ళూ తలలూపుతున్నారు. తరగతి మళ్ళీ కలుస్తుందనిపిస్తోంది.

కోపం పోయింది. నువ్వూ పోగొట్టుకో.

నీ మేనకోడలు

అక్టోబరు 24

పిల్లా,

పోస్టులో వేస్తే అందదని ఈ కాగితం మీ మిల్లుకి నూలు తెచ్చే లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. అందగానే చదువు.

ఆ మీటింగుకి పోకు.

నేను చెప్పినవి రెండూ చెడ్డాయి. ఒప్పుకోను, సలహాలు మంచివే, మనుషులే కుదురైనవాళ్ళు కాదు. అయినా చెడ్డాయి. అందుకే ఈసారి సలహా చెప్పడం లేదు. చూసింది చెప్తున్నాను. మా మిల్లులో రెండు ముఠాలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే కలిసి, భుజాల మీద చేతులేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. నేనూ నీలాగే సంతోషించాను. వాళ్ళు మూడోవాడి కోసం వచ్చారు. అతను లెక్కలు రాసుకునే గుమాస్తా. ఎవరి జోలికీ పోనివాడు.

పిల్లలు నీ కళ్ళు పెద్దవి చేసి గీశారన్నావు. పై నుంచి కిందికి చూస్తున్నట్టు గీశారన్నావు. ఆ సందులో అలా చూసేవి ఇంకేమున్నాయో నువ్వే నాకు రాశావు. మళ్ళీ చదువుకో.

నువ్వు వినవని తెలుసు. మీ అమ్మ కూడా వినేది కాదు. పోతే పో. తలుపు పక్కన కూర్చో. ఎవరైనా లేచి ఆ తలుపు మూయడానికి వస్తే, ఏమీ అడక్కుండా బయటికి నడువు.

మీ మామయ్య

అక్టోబరు 27

మామయ్యా,

లారీ దారిలో ఆగిపోయిందట. నీ కాగితం మీటింగు అయ్యాక చేతికొచ్చింది. అదే డ్రైవరు తిరిగొస్తున్నాడు, ఇది అతనికే ఇస్తున్నాను.

ఎవరూ అరవలేదు. నాకు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. తలుపు ఎవరు మూశారో చూడలేదు. పాత వరస పెద్దాయన మొదలుపెట్టాడు. "ఏమీ అనుకోకమ్మా. ఇదివరకూ మాకు పడేది కాదు, నిజమే." కొత్త వరస పెద్దాయన అందుకున్నాడు. "కానీ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం విరగ్గొట్టుకోలేదు." ఇద్దరూ ఒకే నోటితో మాట్లాడినట్టు, ఒకాయన మాట ఒకాయన పూర్తిచేస్తూ మాట్లాడారు. మొహాలు, కత్తులు, అద్దాలు అన్నీ దింపేస్తారట. బుధవారం నుంచి పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారట. నేను మాత్రం వెళ్ళిపోవాలి. వెళ్ళనంటే... అని ఆగిపోయారు. ఆ మాట ఎవరూ పూర్తిచేయలేదు. హెడ్‌మిస్ట్రెస్ బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

సరేనన్నాను. తరగతి కలుస్తోంది కదా. నేను కోరింది అదే కదా.

ఇవాళ సాయంత్రం మెట్ల దగ్గర పిల్లల నవ్వులు వినిపించి తలుపు తీశాను. రెండు వరసల పిల్లలూ కలిసి మొహాలు, గడ్డపాయన బొమ్మలు మోసుకొస్తున్నారు. కిందినుంచి ఒకళ్ళు అందిస్తుంటే పైన ఒకళ్ళు మెట్టు మెట్టుకీ పేరుస్తున్నారు.

"ఇవెందుకమ్మా ఇక్కడ?" అన్నాను.

"నాన్న పెట్టమన్నాడు టీచర్," అంది పిట్ట. "మీరు తెచ్చినవి మీతోనే పోవాలట."

"అటు కాదే, కళ్ళు పైకి తిప్పు!" అంది గడుగ్గాయి. ఇద్దరూ ఒక మొహాన్ని చెరో చెవీ పట్టుకుని తిప్పారు. ఎంత శ్రద్ధగా చేశారో మామయ్యా. జోకులు వేసుకుంటున్నారు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు వాలుతున్నారు. వాళ్ళని అలా చూడాలనే ఇక్కడికొచ్చాను.

మెట్లన్నీ నిండిపోయాయి. అన్నీ నా తలుపునే చూస్తున్నాయి. కాలు పెట్టే చోటు లేదు.

నీ మేనకోడలు

అక్టోబరు 28

పిల్లా,

కాగితం లారీలో ముందు వస్తుంది, వెనక బస్సులో నేను.

పెట్టె సర్దుకో. పుస్తకాలు వదిలెయ్. గడియ వేసుకో. కిటికీ దగ్గరికి పోకు.

మెట్ల మీదివి ముట్టుకోకు, జరపకు. ఒక్కటి పగిలినా ఇక ఆ సందులో ఏ పిల్లకి జ్వరం వచ్చినా నీ పేరే చెప్తారు. వాళ్ళు ఎదురు చూస్తున్నది దానికోసమే.

నేను కిందినుంచి ఒక్కొక్కటే తీసి గోడ పక్కన పెట్టుకుంటూ పైకి వస్తాను. అందరూ చూస్తుండగానే తీస్తాను. చేతులు వణకవు, నువ్వు కంగారుపడకు. నీ తలుపు దగ్గరికి వచ్చాక పిలుస్తాను. అంతదాకా ఎవరు పిలిచినా తియ్యకు. పిట్ట పిలిచినా సరే.

మీ మామయ్య